విద్యార్థుల నోట్సుల సేవ: ఏడాది వాడాక నా అభిప్రాయం

మా అమ్మాయి డిగ్రీలో అర్థశాస్త్రం చదువుతోంది, అబ్బాయి హైస్కూలు పై తరగతులలో ఉన్నాడు. కిందటి విద్యాసంవత్సరం మొదట్లో ఇద్దరూ కలిసి అడిగితే, విద్యార్థులు తమ నోట్సులను అప్‌లోడ్ చేసి పంచుకునే ఒక ఆన్‌లైన్ సేవకు చందా కట్టాను. బడి లెక్కల నుంచి కాలేజీ గణాంకశాస్త్రం వరకు, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, చరిత్ర, కంప్యూటర్ పాఠాలు, సాహిత్యం అన్నీ ఒకేచోట దొరుకుతాయని దాని ప్రకటన. ఆ మాట నిజమే, అన్నీ దొరుకుతాయి. దొరికినవాటిలో దేన్ని నమ్మవచ్చో, ఏది పిల్లలకు తప్పు నేర్పుతుందో తెలుసుకోవడానికి మాత్రం నాకు ఏడాది పట్టింది. నేను కొన్నేళ్లు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి, పిల్లలు తెరిచిన నోట్సులను వీలైనంతవరకు పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకొని చదివాను. ఇలాంటి సేవ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకూ విద్యార్థులకూ ఉపయోగపడతాయని, ఆ చదువులో తేలిన విషయాలను ఇక్కడ రాస్తున్నాను. సేవ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు విద్యార్థుల అప్‌లోడ్‌ల మీద నడిచే ఏ సేవలోనైనా ఉండగలిగినవే.

పని చేసే తీరు సులభంగానే ఉంటుంది. సబ్జెక్టు, తరగతి, అధ్యాయం ఎంచుకుంటే పీడీఎఫ్‌ల జాబితా వస్తుంది. కొన్ని టైపు చేసినవి, కొన్ని చేతిరాత కాగితాలను ఫోనుతో స్కాన్ చేసినవి. ఎక్కువమంది డౌన్‌లోడ్ చేసుకున్నది జాబితాలో పైన ఉంటుంది. ఎవరైనా తమ నోట్సు అప్‌లోడ్ చేస్తే వారికి కొన్ని రోజుల చందా ఉచితంగా కలుస్తుంది. ఈ చివరి రెండు ఏర్పాట్లే తర్వాత నేను చూసిన చిక్కులలో చాలావాటికి మూలమని నా అభిప్రాయం. ఫోనులో తెరవడం, వెతకడం, చందా ఆపుకోవడం వంటివాటిలో మాకు ఏ ఇబ్బందీ కలగలేదు కాబట్టి వాటి గురించి ఇంతకంటే చెప్పను.

ముందు ఈ సేవలో నాకు నిజంగా నచ్చిన ఒక పేజీ గురించి చెప్పాలి. వాలు తలం మీద ఉంచిన దిమ్మె గురించి ఎవరో విద్యార్థి చేతితో రాసిన నోట్సు అది. తలం వాలు కోణాన్ని తీటా అనుకొని, దిమ్మె భారం ఎంజీని రెండు అంశాలుగా విడదీసి, తలం వెంబడి కిందికి లాగే అంశం ‘ఎంజీ కాస్ తీటా’ అని ఆ విద్యార్థి మొదట రాసుకున్నాడు. తర్వాత దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ‘ఎంజీ సైన్ తీటా’ అని దిద్దుకున్నాడు. మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ఇలా ఉంది: ‘తీటా సున్నా అయితే తలం చదునుగా ఉంటుంది, దిమ్మె జారకూడదు. సైన్ 0 = 0. కాబట్టి ఇదే సరి.’ పాఠ్యపుస్తకాలు సాధారణంగా సరైన ఫలితాన్ని మాత్రమే ఇస్తాయి. కాస్ రాయాలా, సైన్ రాయాలా అన్న తడబాటు దాదాపు ప్రతి విద్యార్థికీ ఎదురవుతుంది గాని, ఆ తడబాటు నుంచి ఎలా బయటపడాలో ఏ సూత్రాల పట్టికా చెప్పదు. ఈ విద్యార్థి చెప్పాడు. కోణాన్ని సున్నా చేసి చూడు, 90 డిగ్రీలు చేసి చూడు, ఏ సమాధానం లోకంలో జరిగేదానితో సరిపోతుందో అదే నిలుస్తుంది అన్న పద్ధతి మా అబ్బాయికి ఆ కొట్టివేత వల్లనే తెలిసింది. తర్వాత వాడు లోలకం లెక్కలోనూ అదే పరీక్ష చేసుకోవడం నేను చూశాను.

ఆ నోట్సు జాబితాలో చాలా కిందుగా ఉంది. చేతిరాత కొంచెం గజిబిజిగా ఉంది, రంగు పెన్నులు లేవు, శీర్షికల కింద గీతలు లేవు. అదే తరగతిలో చలనం అధ్యాయానికి అన్నిటికంటే పైన ఉన్నది టైపు చేసి, రంగు పెట్టెలలో సూత్రాలు అమర్చిన అందమైన నోట్సు. అందులో, నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తును చేరినప్పుడు ‘వేగం సున్నా, త్వరణం సున్నా’ అని ఉంది. మొదటి సగం నిజం, రెండో సగం తప్పు. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, బంతి చేతిని వదిలినప్పటి నుంచి తిరిగి చేతిలో పడేదాకా దాని త్వరణం కిందికి సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే ఉంటుంది, శిఖరం దగ్గర కూడా అంతే. అక్కడ త్వరణం కూడా సున్నా అయితే బంతి కిందికి రావడానికి కారణమే ఉండదు, గాలిలో అలాగే నిలిచిపోవాలి.

మా అబ్బాయి ఆ వాక్యాన్ని బట్టీ పట్టేశాడు. తప్పని చెబితే, “ఒక్క క్షణం ఆగుతుంది కదమ్మా, ఆగిన వస్తువుకు త్వరణం ఎక్కడి నుంచి వస్తుంది?” అని అడిగాడు. ప్రశ్న మంచిదే. శిఖరానికి అర సెకను ముందు బంతి వేగం ఎంత అని లెక్క కట్టమన్నాను. పైకి సెకనుకు 4.9 మీటర్లు అని వచ్చింది. అర సెకను తర్వాత? కిందికి 4.9. అంటే ఆ ఒక్క సెకనులో వేగం 9.8 మారింది, మారుతూ మారుతూ మధ్యలో సున్నాను దాటింది. “అయితే ఆగడం కాదన్నమాట, దాటడం” అన్నాడు వాడు. ఈ పది నిమిషాల మాట నా చేత జరిగింది గాని, పక్కన ఎవరూ లేని పిల్లవాడు ఆ రంగు పెట్టెలోని వాక్యాన్నే పరీక్షలో రాసి వస్తాడు. వాడికి మార్కు ఎందుకు పోయిందో కూడా తెలియదు.

ఆ తప్పును సేవవారికి తెలియజేశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అన్న సమాధానం తప్ప మరేమీ రాలేదు. తర్వాత అదే అధ్యాయానికి ఉన్న మిగతా నోట్సులు తెరిచి చూస్తే, మరో మూడింటిలో అదే వాక్యం, ‘గరిష్ఠ’ అన్న మాటలో ఒత్తు ఎగిరిపోయిన అదే అక్షరదోషంతో సహా కనిపించింది. అప్‌లోడ్ చేసినవారికి ఉచిత రోజులు ఇస్తున్నందువల్ల, ఒకరి నోట్సును ఇంకొకరు కాస్త అటూ ఇటూ మార్చి తమదిగా పెడుతున్నారు. ఒకే తప్పు నాలుగుచోట్ల కనిపిస్తే విద్యార్థి దాన్ని నాలుగు సాక్ష్యాలుగా లెక్కవేసుకుంటాడు. సరిచూసుకుందామని రెండో నోట్సు తెరిచే శ్రద్ధ ఉన్న పిల్లలే ఈ వలలో ఇంకా గట్టిగా చిక్కుకుంటారు. నాకు ఈ సేవ మీద ఉన్న అతి పెద్ద ఫిర్యాదు ఇదే.

రసాయనశాస్త్రంలో పరిస్థితి మరీ అంత చెడ్డగా లేదు. అయినా అమ్మోనియా తయారీ గురించిన నోట్సులలో పదేపదే ఒక పొరపాటు ఎదురైంది. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా ఏర్పడే హేబర్ పద్ధతిలో ఇనుమును ఉత్ప్రేరకంగా వాడతారు. ‘ఉత్ప్రేరకం వల్ల సమతాస్థితి అమ్మోనియా వైపు జరుగుతుంది’ అని చాలామంది రాసుకున్నారు. ఉత్ప్రేరకం పురోగామి చర్యనూ తిరోగామి చర్యనూ ఒకే నిష్పత్తిలో వేగవంతం చేస్తుంది కాబట్టి సమతాస్థితికి, అంటే రెండు చర్యలూ సమాన వేగంతో సాగే స్థితికి, త్వరగా చేరుస్తుందే తప్ప ఆ స్థితిని ఎటూ జరపదు. జరపగలిగినవి పీడనం, ఉష్ణోగ్రత, గాఢత. సమీకరణంలో ఎడమ వైపు నాలుగు మోల్‌ల వాయువు, కుడి వైపు రెండు మోల్‌లు ఉన్నందువల్ల పీడనం పెంచితే అమ్మోనియా ఎక్కువగా వస్తుంది. చర్య ఉష్ణమోచకం కాబట్టి ఉష్ణోగ్రత తగ్గించినా ఎక్కువగానే వస్తుంది గాని, అప్పుడు చర్య మరీ మందగిస్తుంది. అందుకే కర్మాగారాలలో సుమారు 400 నుంచి 450 డిగ్రీల సెల్సియస్, 200 అట్మాస్ఫియర్ల దగ్గర రాజీ పడతారని పుస్తకాలు చెబుతాయి.

ఈ గందరగోళాన్ని ఒక విద్యార్థిని ఎంత తేలికగా విడగొట్టిందో చూసి నాకు నిజంగా ముచ్చటేసింది. పేజీకి నడుమ నిలువు గీత గీసి, ఎడమ వైపు ‘ఎంత వస్తుంది’ అనీ, కుడి వైపు ‘ఎంత త్వరగా వస్తుంది’ అనీ రెండు శీర్షికలు పెట్టింది. పీడనం రెండు వైపులా రాసింది, ఉష్ణోగ్రత రెండు వైపులా రాసి ఎడమ వైపు దానికి బాణం తలకిందులుగా వేసింది, ఉత్ప్రేరకాన్ని కుడి వైపు మాత్రమే రాసి ఎడమ గడిని ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీ గడి చూసినవారెవరూ ఇక ఉత్ప్రేరకం సమతాస్థితిని జరుపుతుందని రాయరు. కొన్నేళ్లు ఈ పాఠం చెప్పిన నాకు ఇలా గీయాలని తట్టలేదు. విద్యార్థి నోట్సుకు ఉన్న అసలు విలువ ఇటువంటి చోట్లే కనిపిస్తుంది. తనకు ఏది కలగాపులగమైందో దాన్ని విడదీసుకోవడానికి తనే కట్టుకున్న ఏర్పాటు అది, అదే చిక్కులో ఉన్న మరొకరికి సరిగ్గా అతుకుతుంది.

జీవశాస్త్రం నోట్సులతో వచ్చిన చిక్కు వేరు. అవి తప్పులు అనడం కంటే పాతబడినవి అనడం న్యాయం. గ్లూకోజ్ అణువు ఒకటి పూర్తిగా ఆక్సీకరణం చెందితే, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు 38 వస్తాయని కొన్ని నోట్సులు, 36 అని కొన్ని, 30 నుంచి 32 అని మరికొన్ని చెబుతాయి. మూడూ ఒకే జాబితాలో ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు పిల్లవాడు ఏది నమ్మాలి? పాత లెక్కలో, ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే అణువులైన ఎన్‌ఏడీహెచ్ ఒక్కోదానికి 3, ఎఫ్‌ఏడీహెచ్2 ఒక్కోదానికి 2 ఏటీపీల చొప్పున వేసేవారు. 10 ఎన్‌ఏడీహెచ్‌కు 30, 2 ఎఫ్‌ఏడీహెచ్2కు 4, నేరుగా వచ్చేవి 4, మొత్తం 38. తర్వాతి కొలతలలో ఆ విలువలు సుమారు 2.5, 1.5 అని తేలాయి. అప్పుడు 25, 3, 4 కలిపి 32 అవుతుంది. కణద్రవ్యంలో పుట్టిన ఎన్‌ఏడీహెచ్‌ల ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియా లోపలికి చేర్చే దారిని బట్టి అది 30కి తగ్గవచ్చు. ఈ కొద్ది వాక్యాలు ఏ ఒక్క నోట్సులో ఉన్నా పిల్లలకు సందేహం తీరిపోయేది. మేము చూసినవాటిలో ఒక్కటి కూడా సంఖ్య ఎందుకు మారిందో చెప్పలేదు.

జీవుల వర్గీకరణలోనూ అంతే. విట్టేకర్ 1969లో ప్రతిపాదించిన ఐదు రాజ్యాల పద్ధతితోనే చాలా నోట్సులు ఆగిపోయాయి. వోస్, ఆయన సహచరులు 1990లో ప్రతిపాదించిన మూడు డొమైన్ల (రాజ్యాల కంటే పై స్థాయి విభాగాల) మాట కొన్నిటిలోనే ఉంది. భౌతికశాస్త్రం కొలతల అధ్యాయంలో కిలోగ్రామును ఇంకా ప్లాటినం, ఇరిడియం మిశ్రలోహపు స్తూపంతోనే నిర్వచిస్తున్న నోట్సులు లెక్కలేనన్ని ఉన్నాయి. 2019 మే 20 నుంచి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచిస్తున్నారు. అప్‌లోడ్ అయిన తేదీని సేవ చూపిస్తుంది గాని, ఆ నోట్సును ఎప్పుడు రాశారో, ఏ పుస్తకం ఏ ముద్రణ చూసి రాశారో చూపించదు. అన్నయ్య పాత నోట్సును తమ్ముడు ఈ ఏడాది అప్‌లోడ్ చేస్తే అది కొత్త నోట్సుగానే చలామణీ అవుతుంది. అప్‌లోడ్ చేసేటప్పుడు రెండు గడులు అదనంగా నింపమని అడిగితే తీరిపోయే లోపమిది, ఎందుకు అడగడం లేదో నాకు అర్థం కాలేదు.

కిరణజన్య సంయోగక్రియలోని ‘నిష్కాంతి చర్య’ రాత్రిపూట జరుగుతుందని రాసిన నోట్సు కూడా ఒకటి దొరికింది. ఆ చర్యకు వెలుతురు నేరుగా అక్కర లేదని మాత్రమే ఆ పేరుకు అర్థం. దానికి కావలసిన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ కాంతి చర్య నుంచే రావాలి కాబట్టి చాలా మొక్కలలో అది జరిగేది పగటిపూటే.

గణితం విషయంలో నేను మరికొంచెం కఠినంగా ఉంటాను. అక్కడ ఉన్నవాటిలో చాలా భాగం నోట్సులు కావు, సాధించిన లెక్కలు. ఎక్స్ వర్గం = 5 ఎక్స్ అన్న సమీకరణాన్ని ఇరువైపులా ఎక్స్‌తో భాగించి, ఎక్స్ = 5 అని ముగించిన ఒక పేజీ చూశాను. ఎక్స్ సున్నా కావచ్చునన్న ఆలోచన లేకుండా భాగించడంతో 0 అన్న రెండో మూలం పోయింది. 5 ఎక్స్‌ను ఇటు తెచ్చి, ఎక్స్‌ను ఉమ్మడిగా బయటికి తీస్తే రెండు మూలాలూ కనిపిస్తాయి. అనిశ్చిత సమాకలనంలో స్థిరాంకం రాయకపోవడం, మధ్య మెట్లు మింగేసి ‘సులభంగా వస్తుంది’ అనడం సరేసరి. లెక్కలకు ఇలాంటి సేవ మీద ఆధారపడవద్దని గట్టిగా చెబుతాను. ఒకరు చేసిన లెక్కను కళ్లతో చదివితే లెక్క రాదు, చేయి తిరగాలి.

చరిత్ర నోట్సులు నన్ను ఆశ్చర్యపరిచాయి, మంచికే. తేదీల జాబితాలే ఉంటాయనుకున్నాను, చాలావరకు ఉన్నవీ అవే. 1914 జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య, 1918 నవంబర్ 11న యుద్ధ విరమణ, 1919 జూన్ 28న వెర్సాయ్ ఒప్పందం అంటూ మొదటి ప్రపంచ యుద్ధాన్ని అరపేజీలో ముగించినవి ఎన్నో. కాని ఒక విద్యార్థి హత్యకూ యుద్ధానికీ నడుమ ఉన్న ఒక్క నెలనే తీసుకొని ఒక పేజీ నిండా గీత గీశాడు. జూలై 23న సెర్బియాకు ఆస్ట్రియా, హంగరీ సామ్రాజ్యం ఇచ్చిన తుది హెచ్చరిక, 28న యుద్ధ ప్రకటన, ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద జర్మనీ యుద్ధ ప్రకటనలు, 4న బ్రిటన్ రంగంలోకి దిగడం, ఇవన్నీ ఆ గీత మీద వరుసగా ఉన్నాయి. ఒక్కో తేదీ కింద ‘ఇక్కడ ఎవరు ఆపగలిగేవారు?’ అని రాసి, తనకు తోచిన సమాధానాన్ని పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ సమాధానాలన్నిటితో నేను ఏకీభవించను. అయినా, ఒక హత్య ప్రపంచ యుద్ధంగా ఎలా మారిందన్న ప్రశ్నకు ఆ పేజీ చదివిన పిల్లవాడు తేదీల జాబితా చదివిన పిల్లవాడి కంటే ఎంతో మెరుగైన జవాబు రాయగలడు.

అర్థశాస్త్రం సంగతి మా అమ్మాయి చెప్పిందే రాస్తాను. ధర మారితే డిమాండ్ రేఖ మీదే పైకీ కిందికీ కదులుతామనీ, ఆదాయమో అభిరుచులో ఇతర వస్తువుల ధరలో మారితే రేఖే కుడికో ఎడమకో జరుగుతుందనీ స్పష్టంగా విడదీసిన నోట్సులు రెండు మూడు ఆమెకు బాగా ఉపయోగపడ్డాయి. రేఖాచిత్రాలున్న స్కాన్లు మాత్రం అంచులు తెగిపోయి, ఏ అక్షం మీద ధర ఉందో, దేని మీద పరిమాణం ఉందో తెలియకుండా పోయిన సందర్భాలు ఎక్కువ. గణాంకశాస్త్రంలో ‘పీ విలువ 0.05 అంటే మన పరికల్పన నిజం కావడానికి 95 శాతం అవకాశం’ అన్న వాక్యం ఆమెను చాలాకాలం తప్పుదారిలో నడిపింది. ప్రభావమేమీ లేదన్న శూన్య పరికల్పన నిజమనుకుంటే, మనకు వచ్చినంత లేదా అంతకంటే తీవ్రమైన ఫలితం రావడానికి ఉన్న సంభావ్యతే పీ విలువ. పరికల్పన నిజమా కాదా అన్నదానికి అది సంభావ్యత కాదు. ఈ తేడాను ఆమె లెక్చరర్ తరగతిలో దిద్దేదాకా ఆ తప్పు ఆమె సొంత నోట్సులోకీ పాకింది.

కంప్యూటర్ పాఠాల నోట్సులు పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. ప్రతి పోలికతో జాబితాలో సగాన్ని వదిలేసే బైనరీ సెర్చ్‌తో పది లక్షల అంశాలలో వెతకడానికి 20 పోలికలు చాలునని రాసినవారు, జాబితా ముందే క్రమంలో ఉండాలన్న షరతును వదిలేయడం ఒక్కటే నేను గమనించిన లోపం. సాహిత్యం నోట్సులు కథా సంగ్రహాలకు మించి లేవు, వాటికోసం చందా కట్టనక్కరలేదు.

నోట్సు బాగున్నా వాడే తీరు బాగోకపోతే ప్రయోజనం ఉండదని మాకు మొదటి సెమిస్టర్‌లోనే తెలిసివచ్చింది. మా అమ్మాయి పరీక్షకు ముందు రాత్రి ఒకే సబ్జెక్టుకు సంబంధించిన నోట్సులను రెండేసి సార్లు చదివి, ముఖ్యమనుకున్న వాక్యాలకు ఫోనులోనే రంగు పూసుకుంది. పరీక్ష నుంచి వచ్చి, “చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉందమ్మా, పేపరు ముందు పెట్టుకుంటే మొదటి వాక్యమే రాలేదు” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇది ఆమె ఒక్కదాని అనుభవం కాదు. రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, మళ్లీ చదవకుండా గుర్తున్నది రాసి చూసుకున్నవారే ముందున్నారు. డన్‌లాస్కీ, ఆయన సహచరులు 2013లో పది చదువు పద్ధతులను సమీక్షించినప్పుడు రంగు పూయడం, మళ్లీ చదవడం తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలోనూ, తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరచుకోవడం ఎక్కువ ప్రయోజనం ఉన్నవాటిలోనూ చేరాయి. ఈ సేవవారి ఫోను యాప్‌లో రంగు పూసే పనిముట్టు తెర మీద అన్నిటికంటే పెద్దగా ఉంటుంది, స్వయంపరీక్షకు ఏ ఏర్పాటూ లేదు.

ఆ తర్వాత మేము వరుసను తిరగేశాం. ముందు తరగతి పాఠం, పాఠ్యపుస్తకం. ఆ తర్వాత తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయడం. అది అయ్యాకే సేవలో నోట్సు తెరిచి, తాను వదిలేసింది ఏమిటి, ఆ విద్యార్థి వదిలేసింది ఏమిటి అని పోల్చుకోవడం. ఇద్దరూ రాసినదాంట్లో తేడా వచ్చిన ప్రతిచోటా పాఠ్యపుస్తకం తీర్పు చెబుతుంది. ఈ పద్ధతిలో తప్పు నోట్సు కూడా పనికొచ్చింది, ఎందుకంటే దాన్ని పట్టుకోవడమే ఒక పరీక్ష అయింది. కార్నెల్ పద్ధతిలో రాసిన నోట్సులు ఈ పనికి అన్నిటికంటే అనువుగా ఉన్నాయి. పేజీలో కుడి వైపు వెడల్పాటి భాగంలో పాఠం, ఎడమ వైపు సన్నటి పట్టీలో దానికి సంబంధించిన ప్రశ్నలు, అడుగున రెండు మూడు వాక్యాల సారాంశం ఉంటాయి. కుడి భాగాన్ని అరచేత్తో మూసి ఎడమ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవచ్చు. సేవలో ఇటువంటివి కొద్దిగానే ఉన్నాయి, వెతికి పట్టుకుంటే వాటి కోసమైనా కొంతకాలం చందా కట్టవచ్చు.

ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేను. అధ్యాపకులు తమ తరగతికి మాత్రమే ఇచ్చిన కాగితాలను, పేరు ఉన్న పై భాగాన్ని కత్తిరించి అప్‌లోడ్ చేసినవి కూడా కనిపించాయి. పాఠం తయారు చేయడానికి పట్టే శ్రమ ఎంతో తెలిసినదాన్ని కాబట్టి అవి చూసినప్పుడు నాకు బాధ కలిగింది. అటువంటివాటిని మా పిల్లలు తెరవడం మానేశారు. నోట్సులో రాసినవారి సొంత చేతి జాడ ఉందా లేదా అని చూడడం వాళ్లకు ఇప్పుడు అలవాటైంది: కొట్టివేతలు, మార్జిన్ ప్రశ్నలు, తరగతిలో అర్థం కానిచోట పెట్టుకున్న గుర్తు. ఆ జాడ ఉన్న నోట్సులో తప్పులు లేవని కాదు గాని, తప్పు ఎక్కడ జరిగిందో కనిపిస్తుంది. జాడలన్నీ తుడిచేసి రంగు పెట్టెలలో పెట్టిన నోట్సులో తప్పు కూడా సూత్రంలాగే కనిపిస్తుంది.

ఐదు పాయింట్లకు మూడు ఇస్తాను. చరిత్ర, అర్థశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే కాలేజీ విద్యార్థులు, పాఠ్యపుస్తకం చేతిలో ఉంచుకొని పోల్చి చూసే ఓపిక ఉంటే, తీసుకోవచ్చు. హైస్కూలు పిల్లలకు పక్కన సరిచూసే పెద్దలు ఎవరైనా ఉంటేనే తీసుకోండి. లెక్కలకు వద్దు. మా ఇంట్లో అమ్మాయి చందాను మరో ఆరు నెలలు పొడిగించాను, అబ్బాయిది ఆపేశాను. ఆపేముందు వాడు నిలువు చలనం మీద తన సొంత పేజీ ఒకటి రాసి అప్‌లోడ్ చేశాడు. శిఖరం దగ్గర బంతి బొమ్మ పక్కన వేగం సున్నా అని రాసి, త్వరణానికి కిందికి బాణం వేసి, ముందు తాను రాసుకున్న తప్పును కొట్టివేతతో సహా అలాగే ఉంచి, పేజీ పైన తేదీ, పుస్తకం ముద్రణ రాశాడు. ఈ రోజు పొద్దున అమ్మాయి ఫోనులో చూస్తే వాడి పేజీని తొమ్మిదిమంది తెరిచారు. త్వరణం సున్నా అన్న నోట్సు ఇంకా జాబితాలో మొదటి స్థానంలోనే ఉంది.